సీఎన్‌ఏకి పదహారేళ్లు చాలు, లిఫ్ట్ దగ్గర మాత్రం పద్దెనిమిది

అమెరికాలో ఒక నర్సింగ్ హోమ్. ఉదయం ఏడున్నర అవుతోంది. కాళ్ల మీద బరువు మోపలేని ఒక పెద్దావిడను మంచం మీంచి వీల్‌చైర్‌లోకి మార్చాలి. బ్యాటరీతో నడిచే లిఫ్ట్‌ను మంచం పక్కకు తెస్తారు. ఆవిడను మెల్లగా ఒక పక్కకు తిప్పి, వీపు కింద జోలె లాంటి స్లింగ్‌ను దోపి, మళ్లీ ఇటు తిప్పి దాన్ని సరిచేస్తారు. పట్టీలను కొక్కేలకు తగిలించాక ఒకరు బటన్ నొక్కుతారు, ఇంకొకరు జోలెలో ఉన్న మనిషి ఊగిపోకుండా పట్టుకుంటారు. మొత్తం ఐదారు నిమిషాల పని. ఆ ఇద్దరిలో ఒకరికి నలభై, మరొకరికి పదిహేడు అనుకుందాం. ఇద్దరూ ఒకే కోర్సు చదివారు, ఒకే పరీక్ష పాసయ్యారు. ఇద్దరి పేర్లూ రాష్ట్ర రిజిస్ట్రీలో ఉన్నాయి. అయినా ఆ ఐదారు నిమిషాల్లో పదిహేడేళ్ల అమ్మాయి చెయ్యకూడని పనులు చాలా ఉన్నాయి.

సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్, అంటే సీఎన్‌ఏ, కావాలంటే ఎన్నేళ్లుండాలి అని ఇంటర్నెట్‌లో వెతికితే ఒకచోట 16 అని, మరోచోట 18 అని కనిపిస్తుంది. రెండూ తప్పు కాదు. కాకపోతే అవి వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. సర్టిఫికెట్‌కి ఎన్నేళ్లు కావాలన్నది ఒక ప్రశ్న. ఆ సర్టిఫికెట్‌తో పూర్తి పని చెయ్యడానికి ఎన్నేళ్లు కావాలన్నది ఇంకో ప్రశ్న. ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్లే పిల్లలు ఎండాకాలం సెలవుల్లో కోర్సు పూర్తి చేసి, ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి టెన్షన్ పడుతుంటారు.

ముందు మాటల దగ్గరే ఒక చిక్కుంది. మన ఊళ్లలో నర్సింగ్ హోమ్ అంటే డాక్టరు గారు సొంతంగా నడిపే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. కాన్పులూ, ఆపరేషన్లూ అక్కడే. అమెరికాలో అదే మాటకు అర్థం వేరు. సొంతంగా లేవలేని, తినలేని, స్నానం చెయ్యలేని వృద్ధులు నెలలూ ఏళ్లూ ఉండే చోటు అది. అక్కడ ఉన్నవాళ్లను పేషెంట్లు అనరు, రెసిడెంట్లు అంటారు. సీఎన్‌ఏని నర్సు అనుకోవడం కూడా పొరపాటే. మన ఆసుపత్రుల భాషలో చెప్పాలంటే ఆయాకీ నర్సుకీ మధ్య మెట్టు. స్నానం చేయించడం, డైపర్ మార్చడం, అన్నం తినిపించడం, మంచం పట్టినవాళ్లను రెండేసి గంటలకోసారి పక్కకు తిప్పడం, బీపీ, నాడి చూసి రాయడం వాళ్ల పని. ఇంజెక్షన్లతో సంబంధం ఉండదు. మందులు అందించే మెడికేషన్ ఎయిడ్ అనే పై మెట్టుకు వేరే శిక్షణ ఉంది, దానికి సాధారణంగా 18 నిండాలంటారు. సీఎన్‌ఏ అన్న పేరు కూడా అన్ని చోట్లా ఒకటి కాదు. న్యూ హాంప్‌షైర్‌లో ఎల్‌ఎన్‌ఏ అంటారు, ఒహాయోలో ఎస్‌టీఎన్‌ఏ, మేరీలాండ్ నర్సింగ్ హోముల్లో జీఎన్‌ఏ అన్న పేర్లు కూడా వినిపిస్తాయి.

ఇక చట్టం సంగతి. 1980ల నడుమ దాకా అమెరికా నర్సింగ్ హోముల్లో ఈ పని చేసేవాళ్లకు దేశమంతటికీ వర్తించే శిక్షణ నియమం లేదు. వృద్ధులకు పుండ్లు పడటం, మంచానికి కట్టేయడం, అవసరం లేని మత్తుమందులు ఇవ్వడం గురించి ఫిర్యాదులు పేరుకుపోయాయి. 1986లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య నిపుణుల సంస్థ దీని మీద ఒక పెద్ద నివేదిక ఇచ్చింది. మరుసటి ఏడాది డిసెంబర్‌లో అధ్యక్షుడు రీగన్ సంతకంతో వచ్చిన బడ్జెట్ చట్టంలోనే నర్సింగ్ హోముల సంస్కరణను కలిపారు. ఓబ్రా 1987 అని పిలిచేది దాన్నే. మెడికేర్, మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాల డబ్బు తీసుకునే ప్రతి నర్సింగ్ హోమ్‌లో సహాయకులకు కనీసం 75 గంటల శిక్షణ ఉండాలి, అందులో కనీసం 16 గంటలు పర్యవేక్షణలో చేతితో చేసే పని కావాలి, పరీక్ష పాసవ్వాలి, పేరు రాష్ట్ర రిజిస్ట్రీలో ఉండాలి. రెసిడెంట్‌ను ముట్టుకోవడానికి ముందే ఇన్‌ఫెక్షన్లు రాకుండా చూడటం, ఎలా మాట్లాడాలి, రెసిడెంట్ హక్కులేమిటి, గొంతులో ఏదైనా అడ్డుపడితే ఏం చెయ్యాలి లాంటివి మరో 16 గంటలు నేర్పాలి.

ఇంత వివరంగా రాసిన ఆ నిబంధనల్లో కనీస వయసు అన్న మాటే లేదు. మర్చిపోయారని కాదు. అప్పటి సమస్య శిక్షణ లేనివాళ్లతో వచ్చింది, చిన్నవాళ్లతో కాదు. వయసు లెక్కను రాష్ట్రాలకూ కార్మిక చట్టాలకూ వదిలేశారు. ఇప్పుడున్న గందరగోళానికి మూలం అదే.

రాష్ట్రాలు తలా ఒక దారి పట్టాయి. కాలిఫోర్నియా 16 అని రాసుకుంది. వయసు తక్కువే అయినా శిక్షణ విషయంలో గట్టిగా ఉంటుంది: 160 గంటలు, అందులో వంద గంటలు క్లినికల్, అంటే రెసిడెంట్ల దగ్గర చేసి నేర్చుకునేది. ఇల్లినాయ్ చట్టంలోనూ 16 ఏళ్లే. ఆ చట్టం చదివితే కాస్త నవ్వొస్తుంది. పదహారేళ్లు నిండి ఉండాలి, మితమైన అలవాట్లుండాలి, మంచి నడవడి ఉండాలి, నిజాయితీపరులై ఉండాలి అని పెళ్లి సంబంధానికి అడిగినట్టు వరుసగా రాసి ఉంటుంది. కనీసం ఎనిమిదో తరగతి దాకా చదివి ఉండాలి లేదా దానికి సమానమైన పరిజ్ఞానం చూపించాలి. ఇంగ్లిష్ రావాలి, లేదంటే ఆ నర్సింగ్ హోమ్‌లో చెప్పుకోదగ్గ సంఖ్యలో రెసిడెంట్లకు అర్థమయ్యే భాష ఏదైనా రావాలి. తెలుగువాళ్లు ఆ సంఖ్యలో ఉన్న నర్సింగ్ హోములు ఇవాళ దొరకడం కష్టమే గానీ, మొదటి తరం వలస తల్లిదండ్రులు ఎనభైల్లోకి వస్తున్న కొద్దీ ఆ వాక్యం పనికిరావచ్చు.

ఫ్లోరిడా పద్ధతి వేరు. ఆమోదం పొందిన కోర్సు పూర్తి చేసి పరీక్ష పాసయ్యేవాళ్ల విషయంలో అక్కడి చట్టం వయసు ప్రస్తావించదు. కోర్సు చెయ్యకుండా నేరుగా పరీక్షకు కూర్చుంటానంటే మాత్రం హైస్కూల్ డిప్లొమా చూపించాలి, లేదా 18 నిండి ఉండాలి. అంటే అక్కడ వయసు చదువుకు బదులుగా పనిచేస్తుంది. గంటలు కూడా రాష్ట్రానికో లెక్క. న్యూయార్క్‌లో వంద, ఇల్లినాయ్‌లో 120, మెయిన్ రాష్ట్రంలో 180. అందుకే ఒక రాష్ట్రంలో ఉన్న చుట్టాలు చెప్పిన మాట పట్టుకుని ఇంకో రాష్ట్రంలో ఫీజు కట్టడం మంచిది కాదు.

పరీక్షలో మాత్రం వయసును బట్టి రాయితీ ఏమీ ఉండదు. చాలా రాష్ట్రాల్లో అభ్యర్థి కొన్ని పనులు ఎగ్జామినర్ ముందు చేసి చూపించాలి. ఏ పనులొస్తాయో ముందు తెలియదు గానీ, చేతులు కడుక్కోవడం దాదాపు ఖాయం. కనీసం 20 సెకన్లు సబ్బు నురగతో రుద్దాలి, కడిగేటప్పుడు వేళ్లు కిందికి ఉండాలి, సింక్ లోపలి గోడ తగలకూడదు, కుళాయిని పేపర్ టవల్‌తోనే కట్టాలి. కడిగిన చేత్తోనే కుళాయి ముట్టుకుంటే, పదహారేళ్లవాళ్లయినా యాభై ఆరేళ్లవాళ్లయినా, అక్కడే మార్కు పోతుంది.

సర్టిఫికెట్ దాకా ఇబ్బంది లేదు. అసలు మెలిక కార్మిక శాఖ దగ్గరుంది. 18 ఏళ్లలోపు వాళ్లు ప్రమాదకరమైన పనులు చెయ్యకూడదని ఫెడరల్ చట్టం. ఆ పనుల జాబితాలో ఏడో ఉత్తర్వు క్రేన్లు, ఫోర్క్‌లిఫ్టుల లాంటి యంత్రాలతో బరువులు ఎత్తడం గురించి. 2010లో దాన్ని సవరించినప్పుడు ఆ నిర్వచనం పరిధిలోకి నర్సింగ్ హోముల్లో వాడే పవర్ లిఫ్టులు కూడా వచ్చిపడ్డాయి. హైస్కూల్‌లోనే సీఎన్‌ఏ కోర్సు నేర్పే వృత్తివిద్యా విభాగాలూ నర్సింగ్ హోములూ గగ్గోలు పెట్టాయి. అప్పుడు కార్మిక శాఖ, ఉద్యోగ భద్రతపై పరిశోధన చేసే నియోష్ సంస్థను అభిప్రాయం అడిగింది. పదహారు, పదిహేడేళ్ల వాళ్లలో చాలామంది ఒక్కరే లిఫ్ట్‌ను సురక్షితంగా నడపలేరని, అనుభవం ఉన్న పెద్దవాళ్లకు తోడుగా ఉండొచ్చని ఆ సంస్థ చెప్పింది. దాని ఆధారంగా 2011 జులైలో ఒక బులెటిన్ వచ్చింది.

ఆ బులెటిన్ ప్రకారం 16, 17 ఏళ్లవాళ్లు 75 గంటల శిక్షణ పూర్తి చేసి ఉంటే, లిఫ్ట్ పనిలో 18 నిండిన శిక్షితుల కింద జూనియర్‌గా చేరొచ్చు. ఖాళీ లిఫ్ట్‌ను తెచ్చి నిలపొచ్చు. పట్టీలు తగిలించడంలో, తియ్యడంలో సాయం చెయ్యొచ్చు. గాల్లో ఉన్న మనిషి కిందికి వీల్‌చైర్ జరపొచ్చు. పెద్దవాళ్లు పక్కనుంటే బటన్ దగ్గర కూడా నిలబడొచ్చు. తమంతట తాము మనిషి మీద చెయ్యి వేసి చేసే పని మాత్రం కూడదు. పక్కకు తిప్పి స్లింగ్ దోపడం, జోలెలో ఉన్న మనిషిని నెట్టడం, కుర్చీలో సర్ది కూర్చోబెట్టడం పెద్దవాళ్ల వంతే. పదిహేడేళ్ల అమ్మాయికి అడ్డొచ్చేది ఇదే.

దీంట్లో ఒక విచిత్రం ఉంది. ఆ ఉత్తర్వు యంత్రాల గురించి. యంత్రం లేకుండా, ఒట్టి చేతులతో మనిషిని లేపి కూర్చోబెట్టడాన్ని అది ఆపదు. లిఫ్టులు వచ్చిందే నడుములు విరగకుండా కాపాడటానికి. నర్సింగ్ అసిస్టెంట్ల గాయాల్లో వీపు, భుజం నొప్పులే ఎక్కువ. అలాంటిది, నడుమును కాపాడే యంత్రం ముట్టుకుంటే చట్టం అడ్డొస్తుంది, నడుముకు చేటు తెచ్చే పద్ధతికి ఆ అడ్డే లేదు. ఇదే వాదనతో 2018లో కార్మిక శాఖ లిఫ్టులను ఆ ఉత్తర్వు నుంచి తీసేయాలని ప్రతిపాదించింది. పిల్లల భద్రత కోసం పనిచేసేవాళ్లు వ్యతిరేకించారు, అప్పట్లో ఆ ప్రతిపాదన తుది నిబంధన కాలేదు. రెండు పక్షాల దగ్గరా నిజముంది. కాకపోతే 2011 బులెటిన్ రాసినవాళ్లు ఒక మంచి నర్సింగ్ హోమ్‌ను ఊహించుకుని రాసినట్టుంది. ప్రతి లిఫ్ట్ దగ్గరా ఇద్దరుంటారని, అందులో ఒకరు ఖాళీగా చూస్తూ నిలబడగలరని అనుకున్నారు. ఒక్కో సీఎన్‌ఏ మీద పది పన్నెండు మంది రెసిడెంట్లు పడే రోజున ఆ రెండో మనిషి ఎక్కడి నుంచి వస్తారు?

పని వేళలు ఇంకో అడ్డంకి. నర్సింగ్ హోముల షిఫ్టులు సాధారణంగా మూడు: పొద్దున 7 నుంచి 3, మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 11, రాత్రి 11 నుంచి తెల్లవారి 7. కాలిఫోర్నియాలో హైస్కూల్ చదువుతున్న పదహారేళ్ల అబ్బాయికి వర్క్ పర్మిట్ ఉండాలి. బడి ఉన్న రోజు నాలుగు గంటలకు మించి పని చెయ్యకూడదు, రాత్రి పది దాటకూడదు. మర్నాడు సెలవైతే పన్నెండున్నర దాకా ఉండొచ్చు. ఈ లెక్కలో పొద్దుటి షిఫ్ట్ బడిని మింగేస్తుంది. సాయంత్రం షిఫ్ట్ నాలుగు గంటలకు తెగిపోతుంది, పైగా పదికి ఇంటికి పంపాలి. రాత్రి షిఫ్ట్ మాటే లేదు. ఎలా చూసినా మిగిలేవి శనాదివారాలు, సెలవులే. మనుషులు దొరక్క ఇబ్బంది పడేది ఎక్కువగా రాత్రి షిఫ్ట్‌కే కాబట్టి, షెడ్యూల్ వేసే సూపర్‌వైజర్ ఈ దరఖాస్తును పక్కన పెట్టారంటే ఆశ్చర్యం లేదు. ఫెడరల్ చట్టం 16, 17 ఏళ్లవాళ్ల గంటలకు హద్దు పెట్టలేదు. రాష్ట్ర చట్టం కఠినంగా ఉంటే అదే చెల్లుతుంది.

అందుకే రాష్ట్రం 16 అన్న చోట కూడా ఉద్యోగ ప్రకటనల్లో తరచూ 18 కనిపిస్తుంది. లిఫ్ట్ దగ్గర లెక్క, షిఫ్ట్ దగ్గర లెక్క, బీమా భయం అన్నీ కలిపి యాజమాన్యం పెట్టుకున్న గీత అది. దాన్ని వివక్ష అని ఫెడరల్ కోర్టుకు వెళ్లే వీల్లేదు. 1967 నాటి వయోవివక్ష నిరోధక చట్టం 40 నిండినవాళ్లనే కాపాడుతుంది. కొన్ని ప్రైవేటు శిక్షణ సంస్థలు కూడా 18 అంటాయి. హైస్కూల్‌లోనే వృత్తివిద్య కింద నేర్పే కోర్సులు పదహారేళ్లవాళ్లకు సులువైన దారి, ఎందుకంటే ఆ బడికి ఏదో ఒక నర్సింగ్ హోమ్‌తో ముందే ఒప్పందం ఉంటుంది.

తెలుగు కుటుంబాల్లో ఈ ప్రశ్న వచ్చేది జీతం కోసం కాదు. 2024 లెక్కల్లో నర్సింగ్ అసిస్టెంట్ల మధ్యస్థ ఆదాయం ఏడాదికి సుమారు 39 వేల డాలర్లు. సాఫ్ట్‌వేర్ ఇళ్లలో అది పెద్ద ఆకర్షణ కాదు. పిల్లలు మెడిసిన్‌కో ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సుకో వెళ్దామనుకున్నప్పుడు పేషెంట్లతో పనిచేసిన గంటలు అప్లికేషన్‌లో కావాలి. డాక్టర్ వెనకాల నిలబడి చూసిన గంటల కన్నా, చేతులకు గ్లవ్స్ వేసుకుని పనిచేసిన గంటలకు విలువెక్కువ. అందుకని పదకొండో తరగతిలోనే మొదలుపెట్టాలన్న తొందర.

అక్కడ వయసు కన్నా ముందు చూడాల్సింది వీసా. హెచ్-4 మీదున్న పిల్లలు, అంటే హెచ్-1బీ ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల పిల్లలు, కోర్సులో చేరొచ్చు గానీ, జీతం తీసుకునే ఉద్యోగం చెయ్యకూడదు. హెచ్-4 ఈఏడీ అనే పని అనుమతి హెచ్-1బీ ఉన్నవాళ్ల భార్యకో భర్తకో, అదీ ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదం లాంటి షరతుల మీద. పిల్లలకు అది రాదు. తల్లిదండ్రులతో పాటు ఐ-485, అంటే గ్రీన్ కార్డు దరఖాస్తు, వేసి ఉంటే, దాని మీద ఈఏడీ పిల్లలకూ వస్తుంది. కాబట్టి ఒకే వీధిలో, ఒకే క్లాసులో ఉన్న ఇద్దరు పదిహేడేళ్ల పిల్లల్లో ఒకరు సెలవుల్లో సీఎన్‌ఏగా పనిచేస్తుంటే, మరొకరు అదే సర్టిఫికెట్ పట్టుకుని జీతం లేని వాలంటీర్ పనితో సరిపెట్టుకోవడం జరుగుతుంది. ఆ తేడా వాళ్ల వయసులో లేదు. నాన్న కంపెనీ గ్రీన్ కార్డు కాగితాలు ఎప్పుడు వేసిందన్న దానిలో ఉంది.

మనకు నోటిఫికేషన్ అనగానే కనిష్ఠ వయసు పక్కనే గరిష్ఠ వయసు కూడా వెతకడం అలవాటు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఏఎన్‌ఎం కోర్సుకు 17 నుంచి 35 అని రెండు వైపులా గీత గీసింది. అమెరికాలో సీఎన్‌ఏకి పై గీత లేదు. యాభై దాటాక గ్రీన్ కార్డు మీద వచ్చిన అమ్మలూ, పిల్లలు కాలేజీకి వెళ్లాక ఖాళీగా ఉండలేని గృహిణులూ ఈ కోర్సులో చేరితే వయసు పేరుతో ఎవరూ ఆపలేరు. ముసలివాళ్లకు సేవ చేసిన అలవాటు ఇంట్లోనే ఉంటుంది కాబట్టి పని కొత్తగా అనిపించకపోవచ్చు. ఒంటికి మాత్రం కొత్తే. ఎనిమిది గంటలు కాళ్ల మీద నిలబడి, వంగి, లేచి చేసే పని. అందులో చేరేముందు చేసే ఆరోగ్య పరీక్షలోనో, మొదటి వారంలోనో మోకాళ్లు తమ మాట చెబుతాయి. ఇంకో సౌకర్యం కూడా తెలుసుకోవాలి. ఒక నర్సింగ్ హోమ్ ఉద్యోగం ఇస్తానన్నాక శిక్షణకూ పరీక్షకూ ఆ అభ్యర్థి దగ్గర డబ్బు వసూలు చెయ్యకూడదు. సొంత డబ్బుతో కోర్సు చేసినవాళ్లకు 12 నెలల్లో అలాంటిచోట ఉద్యోగం దొరికితే, పెట్టిన ఖర్చు దామాషాగా తిరిగొచ్చేలా చూడాల్సింది రాష్ట్రం. ఈ రెండు నియమాలూ ఫెడరల్ నిబంధనల్లోనే ఉన్నాయి. అయినా వందల డాలర్ల ఫీజు కట్టాక గానీ చాలామందికి ఇవి కంటపడవు.

పదహారేళ్లకే సర్టిఫికెట్ తెచ్చుకునేవాళ్లు ఇంకో లెక్క కూడా చూసుకోవాలి. వరుసగా 24 నెలలు జీతం తీసుకుని ఈ రకం పని చెయ్యకపోతే, మళ్లీ శిక్షణో పరీక్షో దాటి రావాలి. వాలంటీర్‌గా చేసిన గంటలు ఇందులో లెక్కలోకి రావు. పదో తరగతి అయిపోయిన జూన్‌లో, సరిగ్గా పదహారు నిండగానే పాసైన అబ్బాయికి, 18 నిండితే తప్ప తీసుకోమన్న యాజమాన్యాల దగ్గర రెండేళ్లూ గడిచిపోయాయనుకుందాం. సరిగ్గా పద్దెనిమిదో పుట్టినరోజు కేక్ కోసే సమయానికి, రిజిస్ట్రీలో అతని పేరు పక్కన గడువు ముగిసిందని పడి ఉంటుంది.